గిర్ని గోడ

చలికాలంలో కూడా నా గదిలో ఫ్యాను తిరగాలి. దుప్పటి కప్పుకుని, కాళ్లు ముడుచుకుని, పైన ఫ్యాను వేసుకుని పడుకునే మనిషిని చూసి మా ఇంట్లో అందరూ నవ్వుతారు. నవ్వుకోనీ. లైటు కూడా పూర్తిగా ఆర్పనివ్వను, మూలకు ఒక జీరో బల్బు వెలగాల్సిందే. పెళ్లయిన కొత్తలో మా ఆయన దీని మీద చాలా రోజులు గొడవపడ్డాడు. "మనిషన్నంక చీకట్ల పండుకుంటడు, సప్పుడైతే లేస్తడు. నువ్వేంది అంతా ఉల్టా?" అనేవాడు. అవును, ఉల్టానే అనేదాన్ని. కారణం మాత్రం చెప్పలేదు. చెప్పాలంటే నాందేడ్‌లో మా గిర్ని సంగతి చెప్పాలి, మా చెల్లె సంగతి చెప్పాలి, అమ్మ సంగతి చెప్పాలి. అంత ఓపికగా కూర్చుని వినే మనిషి కాదాయన. ఇప్పుడు చెప్తాను.

మా బాపుది పిండిగిర్ని, అంటే పిండిమర. ఇత్వారా బజారు వెనక సందులో రోడ్డు వైపు గిర్ని, దాన్ని ఆనుకుని మా ఇల్లు. గిర్నికీ మేం పడుకునే గదికీ మధ్య ఒకటే గోడ. గోడకు అటువైపు డీజిల్ ఇంజను, ఇటువైపు మా అక్కచెల్లెళ్ల మంచం. ఇంజను మొదలైతే గూట్లో ఉన్న ఇత్తడి గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమనేవి. అమ్మ వాటి మధ్యన పాత చీర పేలికలు కుక్కి పెట్టేది. గోడ మీద సున్నం నిలిచేది కాదు. ఎన్నిసార్లు వేయించినా ఆ ఒక్క గోడకే పెచ్చులు రాలిపోయేవి.

ఇంజను పొగగొట్టం మా ఇంటి కప్పు మీదికి లేచి ఉండేది. దాని మూతి మీద బాపు ఒక రేకు డబ్బా బోర్లించి తీగతో వదులుగా కట్టాడు. ఇంజను కొట్టుకున్నప్పుడల్లా ఆ డబ్బా ఎగిరెగిరి పడి 'కుక్... కుక్... కుక్' అని అరిచేది. గిర్ని నడుస్తున్నదని నాలుగు గల్లీలకు తెలియాలి కదా, అందుకని. మోండాలో, అంటే ధాన్యం మార్కెట్లో, హమాలీ చేసేవాళ్లు, కూలికి పోయేవాళ్లు సాయంత్రం కూలి చేతికి వచ్చాకనే జొన్నలు కొనుక్కునేవారు. ఆ చప్పుడు వింటూ డబ్బాలు నెత్తిన పెట్టుకుని వచ్చేవారు. తెల్లారి రొట్టెకు పిండి కావాలి. అందువల్ల ఊరంతా దుకాణాలు కట్టేసే వేళకు మా గిర్నికి అసలు పని మొదలయ్యేది. మేం తిని పడుకునేసరికి ఇంజను మంచి ఊపు మీద ఉండేది.

అమ్మది ఇస్లాపూర్ దగ్గర పల్లె. అక్కడ పొద్దుగూకితే కీచురాళ్లు తప్ప ఇంకో చప్పుడు ఉండదట. పెళ్లయి వచ్చిన మొదట్లో ఈ ఇంజను మోతకు చెవుల్లో దూది పెట్టుకుని కూర్చునేదని నాయనమ్మ నవ్వుతూ చెప్పేది. కొన్నేళ్లు పోయాక అదే అమ్మ, ఇంజను రిపేరుకు వచ్చి గిర్ని బందు ఉన్న రోజున, అటు దొర్లి ఇటు దొర్లి లేచి కూర్చునేది. "ఆ సప్పుడు లేకుంటే ఇల్లు ఇల్లులెక్కనే లేదు," అనేది. మేమిద్దరం అయితే ఆ మోతలోనే పుట్టాం. మాకు అదే జోలపాట. పాట పాడి పడుకోబెట్టే తీరిక మా ఇంట్లో ఎవరికీ లేదు.

చెల్లె నా కంటే అయిదేళ్లు చిన్నది. మాటల పుట్ట. నిద్ర లేచింది మొదలు నోరు మూసేది కాదు, నాకు ఒళ్లు మండేది. దానికి ఇష్టమైన ఆట ఇంజను ఆట. బాపు మధ్యాహ్నం అన్నానికి వచ్చి కూర్చోగానే ఎదురుగా నిలబడి కుడిచెయ్యి ముందుకు చాపేది. బాపు ఆ చెయ్యి పట్టుకుని హ్యాండిలు తిప్పినట్టు గుండ్రంగా తిప్పాలి. మొదట చెల్లె గొంతులోనుంచి బరువుగా, ఆగి ఆగి, 'కుక్... కుక్...' అని లేచేది. మెల్లగా జోరందుకునేది. తర్వాత ఇల్లంతా పరిగెత్తేది. ఆగాలంటే బాపు మళ్లీ పట్టుకుని నోట్లో ఒక గుక్క మజ్జిగ పోయాలి. అది డీజిలట. డీజిలు పోస్తే ఇంజను ఆగుతుందా అని నేను తగువు పెట్టుకునేదాన్ని. "నీకెందుకే, ఆ ఇంజను తీరు గంతే," అని బాపు నన్నే కసిరేవాడు.

ఒక వానాకాలం దానికి జ్వరం వచ్చింది. మామూలు జ్వరం కాదు. మెడ వెనక్కి విరుచుకుపోయి, కళ్లు పైకి పోయి, ఇక దక్కదనుకున్నాం. నాయనమ్మ మూలకు కూర్చుని ముడుపులు కట్టింది. అమ్మ అన్నం ముట్టలేదు. చివరికి దక్కింది. జ్వరం దిగి, చిక్కి పుల్లలా మంచం మీద కూర్చున్న పిల్లను వెనక నుంచి పిలిస్తే మాత్రం తిరగలేదు. అలిగిందనుకున్నాం. నీరసం అనుకున్నాం. ఒకరోజు అమ్మ చేతిలోంచి కంచం జారి బండల మీద పడింది. నేను ఉలిక్కిపడ్డాను, పక్కింటి పాప ఏడ్చింది. చెల్లె కిటికీలోంచి చూస్తూ అలాగే కూర్చుని ఉంది. అమ్మ కంచం వైపు చూడలేదు, పిల్ల వీపు వైపే చూస్తూ నిలబడిపోయింది.

సర్కారు దవాఖానకు పోయాం. చెవిలో ఏదో పెట్టి చూస్తారంటే అమ్మ చూడలేక బయట మెట్ల మీదనే కూర్చుంది. లోపలికి బాపు, చెల్లె, దాన్ని ఒళ్లో పట్టుకోవడానికి నేను పోయాం. డాక్టరు మెత్తటి మనిషి. మరాఠీలో నెమ్మదిగా చెప్పాడు. జ్వరం చెవి నరాన్ని కాల్చేసింది, రెండు చెవులూ పోయాయి, ఇక రావు, ప్రాణం దక్కింది అదే గొప్ప అనుకోండి అన్నాడు. నేను మరాఠీ బడిలోనే చదివేదాన్ని. ప్రతి మాటా అర్థమైంది. చెల్లె మాత్రం డాక్టరు బల్ల మీది గంటను వేలితో నొక్కి ఆడుకుంటోంది.

బయటికి రాగానే అమ్మ లేచింది. "ఏమన్నడు డాక్టరు?"

బాపు చెప్పులు తొడుక్కుంటూ, తల ఎత్తకుండా అన్నాడు. "మెల్లమెల్లగ వస్తదన్నడు. జ్వరం గట్టిది గదా, జర టైం పడ్తదన్నడు."

నేను నోరు తెరిచాను. బాపు చెయ్యి నా భుజం మీద పడింది. ఎంత గట్టిగా నొక్కాడంటే నా నోట్లో మాట నోట్లోనే ఉండిపోయింది.

అమ్మ ఆ మాటను పట్టుకుంది. పట్టుకుని వదల్లేదు. ఆ రాత్రి చెల్లె మంచం మీద మేలుకుని అటూ ఇటూ దొర్లుతోంది. గోడ అవతల బాపు ఇంజను తిప్పాడు. గ్లాసులు కదిలాయి. చెల్లె ఠక్కున ఆగింది. గోడ వైపు జరిగి, కాసేపటికి కళ్లు మూసుకుంది. అమ్మ కూర్చున్నచోటే లేచి నిలబడింది.

"చూసినవా? ఇంజను సప్పుడు ఇన్నది. నా బిడ్డ ఇంటున్నది." నన్ను గట్టిగా కావలించుకుంది. పిండిమరకలతో బాపు లోపలికి రాగానే ఎదురుపోయి చెప్పింది. "మీరన్నది నిజమే. ఇంజను షురూ కాంగనే పండుకున్నది."

బాపు చెల్లె దగ్గరికి వచ్చి వంగి చూశాడు. గోడకు వీపు ఆనించి పడుకుంది అది. బాపు గోడ మీద అరచెయ్యి పెట్టి ఒక్క క్షణం ఉంచాడు. ఇంజను ఇంకా నడుస్తూనే ఉంది. చెయ్యి తీసి నన్ను చూశాడు. నాకప్పుడే తెలిసింది ఆయనకు సంగతి అర్థమైందని. ఆ గోడ అదురు నాకు తెలియదా, రోజూ దాని పక్కన పడుకునేదాన్ని. "మంచిది," అని మాత్రం అని చేతులు కడుక్కోవడానికి పోయాడు.

ఆనాటి నుంచి ప్రతి రాత్రి అదే. ఇంజను మొదలవగానే అమ్మ చెల్లె ఎదురుగా కూర్చుని, దాని చెవి మీద వేలు పెట్టి, కనుబొమలు పైకెత్తేది. వినపడిందా అని. చెల్లె తలాడించేది. అబద్ధం ఆడలేదు పాపం. అమ్మ దాని చెవి ముట్టినప్పుడల్లా దాని వీపు వెనక గోడ అదురుతుండేది. అమ్మ అడుగుతున్నది దాని గురించే అనుకుంది. చెవి ముట్టి కనుబొమలు ఎత్తడం దానికి దక్కిన మొదటి సైగ. బాపు రాగానే అమ్మ సంబరంగా చెప్పేది. బాపు అన్నం కలుపుకుంటూ, "ఇన్నదా?" అనేవాడు. "ఇన్నది," అనేది అమ్మ. బావి దగ్గర మరాఠీ ఇరుగమ్మకు కూడా చెప్పుకుంది, "తిలా ఐకూ యేతే, ఐకూ యేతే," అని, పిల్లకు వినపడుతోందని. ఆ ముఖంలో వెలుగు చూస్తే నాకు ఏడుపొచ్చేది. బాపును చూస్తే కోపమొచ్చేది.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. నాయనమ్మ ఒక మాట అన్నది. "దీపం ఉంటే కండ్లకు పనుంటది, చెవులు పండుకుంటయ్. చీకట్ల పెట్టు పిల్లను. కండ్లకు ఏం దొరకకుంటే చెవులు లేస్తయ్." వాళ్ల ఊళ్లో ఎవరికో అలాగే వినికిడి వచ్చిందట. అమ్మ నమ్మింది. నమ్మాలని ఉన్నవాళ్లకు అంతకన్నా ఏం కావాలి. ఆ రాత్రి నుంచి మా గదిలో కందీలు ఆర్పేసేది.

చెల్లె కేకలు నాకు ఇప్పటికీ వినపడతాయి. పగలు నలుగురి ముఖాలు చూసుకుంటూ బాగానే ఉండేది. కందీలు మీద అమ్మ చెయ్యి పడగానే ఆ చెయ్యి పట్టుకుని వేలాడేది. వెలుగు పోగానే అరిచేది. దానికి మేం ఉన్నామో పోయామో తెలియదు. మా మాట లేదు, మా ముఖం లేదు, ఏదీ లేదు. చేతులతో తడుముకుంటూ గోడ దగ్గరికి పాకి, దానికి అతుక్కుని, వెక్కి వెక్కి అలిసి నిద్రపోయేది. అమ్మ పక్కనే పడుకుని దాని చెవుల్లో మాట్లాడుతూ ఉండేది. "ఇను బిడ్డా, ఇను, ఇంజను సప్పుడు ఇను," అని. ఇంజను మధ్యలో ఆగితే చెల్లె దిగ్గున లేచి మళ్లీ అరిచేది. అందుకని ఆఖరి గిరాకీ పోయాక కూడా బాపు మర తిప్పే బెల్టు పట్టా జార్చేసి, ఉత్త ఇంజనును నడుపుతూ గిర్నిలో ఒక్కడే కూర్చునేవాడు. "ఉత్తగ డీజిలు తగలవెడ్తున్నడు," అని నాయనమ్మ సణిగేది. ఒకసారి నేను గిర్నిలోకి పోయి, "కందీలు ఆర్పద్దని అమ్మకు చెప్పు బాపూ," అన్నాను. "ఎందుకని అడుగుతది. ఏం చెప్పాలె?" అన్నాడు. నేను తిరిగి ఇంట్లోకి వచ్చాను.

ఈలోగా చెల్లె మాటలు రాలిపోతూ వచ్చాయి. ముందు పాటల ముక్కలు పోయాయి. తర్వాత పేర్లు పోయాయి. ఉన్న నాలుగు మాటలు కూడా గొంతు మారి వింత మోతగా వచ్చేవి, సందులో పిల్లలు నవ్వేవారు. నేను ఇద్దరు ముగ్గురిని కొట్టాను కూడా. మాటలు పోతున్నాయి చూడమని నేనంటే అమ్మ ఒప్పుకునేది కాదు. "చెవులు తెరుసుకోంగనే అన్ని వస్తయ్," అనేది.

ఎండాకాలం వచ్చింది. నాందేడ్ ఎండలు తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. గోడలు పొద్దంతా కాగి రాత్రి వేడి కక్కుతాయి. ఆ రోజుల్లో ఎవరూ లోపల పడుకునేవారు కాదు. వాకిట్లో నీళ్లు చల్లి, నులక మంచాలు వేసుకుని బయటే పడుకునేవారు. అమ్మ ఆ రోజు కోసం ఎదురుచూసింది. బయట ఆకాశం కింద పడుకుంటే పొగగొట్టం మీద డబ్బా అరుపు ఇంకా గట్టిగా వినపడుతుంది. లోపల గోడ అడ్డం ఉండటం వల్ల పిల్లకు సగమే వినపడుతోందని ఆమె లెక్క.

"లోపట్నే పండుకోనియ్యి దాన్ని," అన్నాడు బాపు. "బయట తేళ్లు తిరుగుతయ్."

"ప్రతి యేడు బయట పండుకుంటలేమా? ఈ యేడే పుట్టినయా తేళ్లు?" అన్నది అమ్మ. బాపు గిర్నిలోకి పోయాడు.

వాకిలి ఇంటికి అవతలి కొసన. అక్కడ మంచం వేసి, చెల్లెను పడుకోబెట్టి, కందీలు ఆర్పింది అమ్మ. వెన్నెల లేదు, చుక్కల వెలుగుకు ఆకారాలు మాత్రం ఆనుతున్నాయి. కొంతసేపటికి ఇంజను మొదలైంది. డబ్బా అరుపు ఆకాశమంతా నిండినట్టు వచ్చింది. అంత దగ్గరగా, అంత గట్టిగా నేనూ ఎప్పుడూ వినలేదు. అమ్మ చీకట్లోనే చెల్లె ముఖం తడిమి, చెవి మీద వేలు పెట్టింది. అడిగింది. చెల్లె తలాడించలేదు. నులక మీద చేతులతో దేనికోసమో వెతుకుతోంది. పట్టె పట్టుకుంది, వదిలేసింది. వంగి నేల తడిమింది. ఆ తర్వాత అరుపు మొదలుపెట్టింది. అమ్మ పట్టుకోబోతే విడిపించుకుని మంచం దిగి చీకట్లోకి పరిగెత్తింది.

దడేలున గుమ్మానికి తగిలిన చప్పుడైంది. నేను, అమ్మ వెనకే పోయాం. అమ్మ గీసిన అగ్గిపుల్ల రెండుసార్లు ఆరిపోయింది. చివరికి కందీలు వెలిగించి గదిలోకి పట్టుకుపోయేసరికి, చెల్లె గోడ మూలన నిలబడి ఉంది. నుదుటి మీద బొప్పి కట్టింది. చెంప, రెండు అరచేతులు, పొట్ట, అన్నీ గోడకు ఆనించి, కళ్లు మూసుకుని ఉంది. నిలబడే నిద్రలోకి జారుతోంది. గూట్లో గ్లాసులు సన్నగా కదులుతున్నాయి. అమ్మ గ్లాసులను చూసింది. దీపం కింద పెట్టి, తన అరచెయ్యి గోడ మీద పెట్టింది. అలాగే చాలాసేపు ఉంచింది. ఇన్నేళ్లు ఆ గోడ పక్కనే బతికినా దాన్ని ముట్టి చూసే అవసరం ఆమెకు ఎప్పుడూ పడలేదు.

చెల్లెను మంచం మీద పడుకోబెట్టి, వీపు గోడకు ఆనించి, అమ్మ గిర్నిలోకి నడిచింది. మా ఇంటి ఆడవాళ్లు గిరాకీల ముందుకు వచ్చేవారు కాదు. కొంగు నెత్తి మీదికి లాక్కోవడం కూడా మరిచిపోయింది. డబ్బాలు ముందు పెట్టుకుని కూర్చున్నవాళ్లంతా లేచి దారి ఇచ్చారు. బాపు జొన్నలు పోస్తున్నాడు. అమ్మ ఏదో అన్నది. ఆ మోతలో ఎవరికీ వినపడలేదు. బాపు చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఏంది?" అన్నాడు. అమ్మ మళ్లీ అన్నది. మళ్లీ వినపడలేదు. బాపు అమ్మ ముఖం చూసి, పోయి డీజిలు బందు చేశాడు. ఇంజను బరువుగా కొట్టుకుని కొట్టుకుని ఆగింది.

"బిడ్డకు ఇనవడ్తలేదు," అన్నది అమ్మ ఆ నిశ్శబ్దంలో. "మీకు ఎరుకేనా?"

"ఎరుకే."

"ఎప్పటిసంది?"

"దవాఖాన సంది."

అప్పుడే లోపల నుంచి చెల్లె కేక వినపడింది. ఇంజను ఆగింది కదా, లేచింది.

"ఇంజను షురూ చెయ్యిండ్రి," అన్నది అమ్మ. బాపు హ్యాండిలు అందుకున్నాడు. రెండుసార్లు తిప్పినా ఇంజను అందుకోలేదు. గిరాకీల్లో ఒక ముసలాయన లేచి వచ్చి తనూ హ్యాండిలు పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి తిప్పారు.

ఆ రాత్రి అమ్మ కందీలు వత్తి పెంచి, తన ముఖం పక్కనే పెట్టుకుని కూర్చుంది. చెల్లె మధ్యలో కళ్లు తెరిచినప్పుడల్లా ఆమె ముఖం కనపడాలి. "చెవులు లేని పిల్లకు కండ్లు గుడ లేకుంట చేసిన," అన్నది నాతో. "అన్ని దినాలు చీకట్ల పెట్టిన దాన్ని. ఎంత భయపడ్డదో నా తల్లి." అప్పుడు ఏడ్చింది. చప్పుడు రాకుండా ఏడ్వాల్సిన పని కూడా లేదు, పిల్ల లేవదు. అది తట్టి ఆమెకు ఇంకా ఏడుపు వచ్చింది. ఆ ఎండాకాలమంతా ఆమె బయట పడుకోలేదు. వేడి కక్కే ఆ గదిలో, గోడ వైపు చెల్లె, ఇవతల అమ్మ, విసనకర్రతో విసురుతూ. మా గదిలో దీపం మళ్లీ ఆరలేదు. నాయనమ్మ ఏదో అనబోతే, "అత్తమ్మా, ఇగ ఆ మాట తియ్యకు," అని ఒక్క మాటతో ఆపేసింది. అంత గట్టిగా ఆమె అత్తతో మాట్లాడటం నేను అంతకుముందు చూడలేదు.

బాపుతో చాలా రోజులు మాట్లాడలేదు. కంచం పెట్టేది, నీళ్లు పెట్టేది, పోయేది. ఒకనాడు బాపే అన్నాడు. "నువ్వు నవ్వుకుంట అచ్చి చెప్తుంటివి. ఆ ముఖం చూసినంక నాకు నోరు రాలేదు." అమ్మ, "దానికి చీకటి పెడ్తుంటే గుడ రాలేదా నోరు?" అన్నది. బాపు లేచి గిర్నిలోకి పోయాడు. నేను కూడా ఆ ప్రశ్న మీదనే ఏళ్లకేళ్లు ఉండిపోయాను. ఆడపిల్లను, అత్తగారింటికి పోయాను, పిల్లల్ని కన్నాను, బాపు మీద కోపం మాత్రం పోలేదు. ఒక అబద్ధానికి మా చెల్లె అన్ని రాత్రులు చీకట్లో ఏడ్చి మూల్యం చెల్లించిందని.

మా ఇంట్లో సైగలు పుట్టాయి. ముంజేతి మీద పిండి దులుపుకుంటే బాపు. నుదుట వేలు పెడితే అమ్మ. రెండు జడలు లాగితే నేను. లోకమంతా నిద్రకు చెంప కింద చెయ్యి పెట్టి చూపిస్తుంది. మా ఇంట్లో అలా కాదు. అరచెయ్యి చాపి గోడకు ఆనించినట్టు పెడితే పడుకుందామని. కొత్తవాళ్లకు అర్థమయ్యేది కాదు.

కొన్నేళ్లకు కరెంటు మోటారు వచ్చింది. అందరూ పెట్టించుకుంటుంటే బాపు కూడా పెట్టించాడు. మోటారు సన్నగా మూలిగేది, గోడకు చేరేది కాదు. ఇంజనును మాత్రం తీయలేదు. రాత్రి గిర్ని కట్టేశాక చెల్లె పడుకునేదాకా దాన్ని ఉత్తగా నడిపేవాడు. డబ్బా అరుపు విని జనం పొద్దుపోయాక జొన్నలు పట్టుకుని వచ్చి, గిర్ని బందు ఉందంటే తిట్టిపోయేవారు. చివరికి బాపు నిచ్చెన వేసుకుని ఎక్కి ఆ డబ్బా ఊడదీశాడు. తర్వాత ఇంజను పాతదైపోయి, సామాన్లు దొరకక, సగరోళి వైపు రైతు ఒకాయన బావి మీదికి తీసుకుపోయాడు. అప్పటికి చెల్లె పెద్దదైంది. అమ్మ దాని పక్కన పడుకుని తన వీపు దాని వీపుకు ఆనించేది. అమ్మ ఊపిరి కదలికతో నిద్రపోయేది అది. ఇంజను పోయాక అమ్మ వీపే దానికి గోడ.

చెల్లె ఆ ఇంట్లోనే ఉండిపోయింది. గిర్నిలో తూకం దగ్గర కూర్చునేది. నేను ధర్మాబాద్‌లో అత్తగారింటి నుంచి పండగలకు వచ్చి పోయేదాన్ని. తర్వాత అమ్మకు కడుపులో గడ్డ అన్నారు. కోసినా లాభం లేదన్నారు, ఇంటికి తెచ్చేశారు. నేను పిల్లల్ని వదిలేసి వచ్చి అక్కడే ఉన్నాను. నొప్పికి అమ్మకు నిద్ర పట్టేది కాదు. మందు వేసినా కళ్లు తెరిచే ఉండేది. "ఇల్లు సప్పుడే లేదేందే," అనేది నాతో. "ఇంజను లేకుంటే నాకు నిద్ర వడ్తదా?"

ఒక సాయంత్రం, పూర్వం ఇంజను తిప్పే వేళ అది, అమ్మ పక్కకు ఒరిగి అరచెయ్యి గోడ మీద పెట్టింది. గోడ ఊరికే ఉంది. చెల్లె చూసింది. మా ఇంట్లో ఆ సైగకు అర్థం ఒక్కటే. అది వచ్చి మంచం ఎక్కి, అమ్మ చెయ్యి గోడ మీద నుంచి తీసి, తన గుండె మీద పెట్టుకుంది. తర్వాత బాపు వైపు తిరిగి కుడిచెయ్యి ముందుకు చాపింది. బాపుకు ఒక్క క్షణం తెలియలేదు. తెలిసి, లేచి వచ్చి, దాని చెయ్యి పట్టుకుని గుండ్రంగా తిప్పాడు.

'కుక్... కుక్...'

మాటలన్నీ పోయిన గొంతులో అదొక్కటి మిగిలి ఉంది. తను ఎలా ధ్వనిస్తుందో దానికి తెలియదు. బరువుగా, బొంగురుగా, ఆగి ఆగి లేచింది. మెల్లగా జోరందుకుంది. గుండె అదురు అమ్మ అరచేతికి అందుతోంది. అమ్మ చెల్లె ముఖం చూస్తూ, చూస్తూ కళ్లు మూసుకుంది. ఆ రాత్రి నొప్పి లేకుండా పడుకుంది. ఆ తర్వాత రోజూ అంతే. దీపాలు పెట్టే వేళకు బాపు వచ్చి చెయ్యి తిప్పేవాడు. ఇంజను మొదలయ్యేది.

అలాంటి ఒక సాయంత్రమే. చెల్లె కళ్లు మూసుకుని ఊగుతూ చప్పుడు చేస్తోంది. మూలకు జీరో బల్బు వెలుగుతోంది. అమ్మ ఛాతీ కదలడం లేదని నేనూ బాపూ ఒకేసారి చూశాం. ఊపిరి చెల్లె ఇంజను మొదలవకముందే ఆగిందా, నడుస్తుండగా ఆగిందా, మాకు తెలియలేదు. మేమిద్దరం కదల్లేదు. చెల్లె మాత్రం చాలాసేపు ఆ చప్పుడు చేస్తూనే ఉంది. అలిసిపోయి ఆపి, కళ్లు తెరిచి, అమ్మ ముఖం చూసింది. ఎప్పటిలాగే నిద్రపోయిందనుకుంది. నా వైపు తిరిగి, తన చెవి మీద వేలు పెట్టుకుని, కనుబొమలు పైకెత్తింది.

నేను బాపును చూశాను. బాపు తల దించుకున్నాడు. ఆ దవాఖాన మెట్ల మీద, చెప్పులు తొడుక్కుంటూ తల ఎత్తని మనిషి నాకు అప్పుడు అర్థమయ్యాడు.

"ఇన్నది," అన్నాను, పెదవులు బాగా కనపడేట్టు. తలాడించాను కూడా.

చెల్లె తృప్తిగా నవ్వింది. అమ్మ చేతిని గుండె మీద సరిగ్గా పెట్టుకుని, మళ్లీ మొదలుపెట్టింది.